వాసన లేదు

“యాభై ఏళ్ళుగా శుక్రవారం శుక్రవారం క్లోరు పోసి కడుగుతున్నాను ఆ స్నానాల గది. నా వల్ల ఒక్క మనిషికి తలనొప్పి కూడా రాలేదు. నీ కీచురాయి ఇంట్లో అడుగుపెట్టి వారం కాలేదు, నన్ను పట్టుకుని విషం పెట్టేదాన్నంటుందా?” అంటోంది మా అత్తగారు.

“అది నిన్నేమీ అనలేదు నానమ్మా, గాలిని అంది,” అంది మా లుబానా.

“గాలి ఎవరిది? నా ఇంట్లో గాలి నాది కాదూ?”

“ఇంకా నయం, గాలిని కూడా తాతయ్య నీ పేర రాసిచ్చాడనలేదు.”

“నవ్వు, నవ్వు. మీ నాన్న నన్ను గోధుమ బస్తాలా భుజాన వేసుకుని మేడ మీదికి మోసుకుపోతుంటే ఎదురింటి ఉమ్ గియాస్ కిటికీలోంచి చూసింది. నా చెప్పు ఒకటి మెట్ల మీద, ఒకటి వీధి గుమ్మంలో. ఈపాటికి ఊరంతా తెలిసుంటుంది, హజ్జమ్మని కన్నకొడుకే ఎత్తుకుపోయాడని.”

వంటింటి గడప దగ్గర పీట వేసుకుని నేను సన్న సొరకాయల్లాంటి కూసా కాయలు తొలుస్తున్నాను. తొడిమ కోసి, సన్నటి చువ్వ లోపలికి దింపి, కాయని తిప్పుతూ గుజ్జు లాగాలి. ఒక చుట్టు ఎక్కువైతే తొక్క చిరుగుతుంది, తక్కువైతే బియ్యమూ మాంసమూ పట్టవు. చేతికి ఎప్పుడో వచ్చేసిన పని కాబట్టి మనసు దాని దారిన అది పోతుంది, ఇవాళ అదే వచ్చిన చిక్కు. జుమ్మా నమాజు అయ్యాక మగవాళ్ళు వస్తారు. బావగారు, అంటే మా ఆయన అన్నగారు అబూ నౌరస్, భోజనానికి కూర్చుంటారు, రెండు ముద్దలు తిని, మూతి తుడుచుకుని, “ఏమంటావు ఉమ్ లుబానా, పిల్లని పంపుతున్నావా?” అని నన్ను, అంటే లుబానా వాళ్ళమ్మని, అడుగుతారు. రేపు పొద్దున రక్షక దళం వ్యాను బయల్దేరుతుంది. లుబానా తను పోతానంది. అత్తగారు చస్తే వద్దంది. మా ఆయన, “మీ అమ్మ ఎలా అంటే అలా,” అని కుట్టుమిషను ముందుకి తిరిగి కూర్చున్నాడు. ఆ దళంలో పనిచేస్తూ పోయిన షాహెర్ నా తమ్ముడు కాబట్టి ఈ ఒక్క విషయంలో ఇంటిల్లిపాదీ నా నోటి వైపే చూస్తారు. నా నోటికేమో నాలుగు రోజులుగా మాట రావడం లేదు. ఇదుగో, ఈ కాయ చిరిగింది. పక్కన పెట్టాను, పులుసులో వేసుకోవచ్చు.

బాంబులు వేసే విమానాలు రావడం మానేశాయి. కాని అవి రోజూ వచ్చిన కాలంలో ఎవరెవరో ఎక్కడెక్కడో దాచినవీ, పడి పేలనివీ, తుప్పు పట్టిన విషం పీపాలూ ఇంకా బయటపడుతూనే ఉన్నాయి, గోదాముల్లో, పాడుబడ్డ బావుల్లో, ఒకసారి బడి వెనక తవ్వుతుంటే. అలాంటిది కనబడితే అంబులెన్సు వాళ్ళకంటే, మంటలార్పేవాళ్ళకంటే ముందు ఇద్దరు లోపలికి వెళ్ళాలి. గాలిలో ఏముందో చూసి చెప్పాలి. ఆ ఇద్దరిలో ఒకరు కావాలని నా కూతురి కోరిక. పిల్లలు ఏమేమో కోరతారు. ఉమ్ గియాస్ మనవరాలు జుట్టు ఎర్రగా చేయించుకోవాలని కోరింది, వాళ్ళింట్లో దానికే మూడు రోజులు అన్నాలు మానేశారు. అత్తగారి కీచురాయి అంటే గాలిలో విషముంటే అరిచే యంత్రం, అరచేతిలో పట్టే పసుపుపచ్చ పెట్టె, ఛాతీకి తగిలించుకునే కొక్కెం, దాని అరుపుకి చెవి అలవాటు పడాలని రక్షక దళం సెంటర్లో ఇంటికి ఇచ్చి పంపారట. చెవి అలవాటు పడ్డం మాటేమో గాని, ఇవాళ పొద్దున స్నానాల గది ముందు నుంచి లుబానా నడిచి వెళ్తుంటే అది అరిచిన అరుపుకి పావురాలు కూడా లేచిపోయాయి.

క్లోరు. బట్టలు తెల్లబడ్డానికీ క్లోరే, మా ఊరి మీద పడిందీ క్లోరే. మాకు మాట ఒక్కటే ఉంది రెంటికీ. ఆ రోజుల్లో దుకాణం వాడు, “క్లోరు కావాలా హజ్జమ్మా, పొద్దున ఊరికే పంచారుగా,” అని పరాచికాలాడేవాడు, జనం నవ్వేవాళ్ళు కూడా. నవ్వు ఎలా వచ్చేదో ఇప్పుడు తలుచుకుంటే తెలియదు. అన్నిసార్లు పడేసరికి మాకు దాని వాసన కొత్తిమీర వాసన తెలిసినంత బాగా తెలిసిపోయింది. పైకా కిందికా అన్నది ఆ వాసనే చెప్పేది. మామూలు బాంబులకి నేలమాళిగలోకి పరుగెత్తాలి, క్లోరుకి మేడ మీదికి, అది బరువు కాబట్టి కిందికి దిగుతుంది. వాసనొస్తే పైకి, రాకపోతే కిందికి. మూడేళ్ళ పిల్లలకి కూడా వచ్చు, పాటలా పాడుకునేవాళ్ళు మెట్ల మీద ఆడుకుంటూ. లుబానా పాడింది. నేనే నేర్పాను. ఏ తల్లయినా నేర్పుతుంది, ముక్కు దేవుడిచ్చింది, దానికి బ్యాటరీలు అక్కర్లేదు, మోసం చెయ్యదనుకున్నాం.

షాహెర్ పోయిన పొద్దున నేను రొట్టెలు మడత పెడుతున్నాను. వంటింట్లో మేకుకి చేతి రేడియో వేలాడుతుండేది, అందరి ఇళ్ళలోనూ ఉండేది, విమానం ఎటు వస్తోందో దాంట్లోనే వినేవాళ్ళం. బాంబు పడ్డ చోటికి ముందు చేరింది రక్షక దళంలో మా ఆయన ఉన్న బండి. రేడియోలో ఆయన గొంతు, తొందరపడకుండా, అచ్చు ఇంట్లో ఉప్పు చాల్లేదని చెప్పినట్టే: “వాసన లేదు. మళ్ళీ చెప్తున్నా, వాసన లేదు. రండి.” అమ్మయ్య, మామూలు బాంబే అనుకున్నాను. మామూలు బాంబుని అమ్మయ్య అనుకున్న రోజులవి. అంబులెన్సు నడిపే షాహెర్ గొంతు వెంటనే: “వస్తున్నా బావా, ఆలోపు టీ పెట్టించు.” అదే వాడి మాట నేను వినడం. జనం నేలమాళిగల్లోకి దిగారు, వాసన లేదు కదా. వచ్చినవాళ్ళు వట్టి చేతుల్తో పిల్లల్ని ఎత్తుకున్నారు, గుండెకి ఆనించుకుని పరుగెత్తారు. ఆ పిల్లల చొక్కాల్లోంచి వీళ్ళ చొక్కాల్లోకి వాసన లేని విషం వచ్చింది. కాసేపటికి రేడియోలో ఎవరో, ఎవరి గొంతో తెలియదు, “లైట్లెందుకు ఆర్పేశారు?” అని అడుగుతున్నారు. పొద్దున తొమ్మిదింటికి. ఎండ కాస్తోంది.

గాలి ఎటు తిరిగిందో ఏమో, ముందు వెళ్ళిన మనిషి మిగిలాడు, ఆయన మాట విని వచ్చిన నా తమ్ముడు పోయాడు, ఇంకా కొందరు పోయారు. ఆస్పత్రి వాకిట్లో నేలంతా నీళ్ళు, గొట్టాలతో తడుపుతున్నారు అందరినీ, బతికినవాళ్ళు ఎవరో కానివాళ్ళు ఎవరో తెలియకుండా. మా ఆయన బట్టలు ఇమ్మని అడిగితే నర్సు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. అవి కాల్చేశారు. పరామర్శకి వెళ్ళినప్పుడు మా అమ్మ అల్లుడి తల నిమిరి, “నువ్వేం చేస్తావు నాయనా, వాసన లేదుగా,” అంది. మంచి మనసుతోనే అంది. వచ్చినవాళ్ళందరూ అదే మాట, మంచి మనసుతోనే. ప్రతిసారీ ఆయన తల ఇంకొంచెం కిందికి దిగింది. మా ఆయన పేరు ముంజిర్, అంటే ముందుగా హెచ్చరించేవాడు. ఆ పేరు పెట్టిన తల్లి ఆ తర్వాత ఎప్పుడూ పేరుతో పిలవలేదు, నాయనా అనే పిలుస్తుంది. ఆయన సెంటర్‌కి వెళ్ళడం మానేసి ముందు గదిలో కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు. అన్నిటినీ వాసన చూస్తాడు. టీ తాగే ముందు, రొట్టె తుంచే ముందు, తలగడ మీద తల పెట్టే ముందు, గదిలోకి అడుగు వేసే ముందు గడప మీద ఒక్క క్షణం. మొహం పక్కకి తిప్పుకుని చటుక్కున చూస్తాడు, మాకు తెలియకూడదని. మేమూ తెలియనట్టే ఉంటాం. అందుకే ఆయనకి టీ గ్లాసు అందించి వెంటనే వెనక్కి తిరుగుతాను, పొయ్యి మీద ఏదో మరుగుతున్నట్టు. మా కాపురంలో చాలా మాటలు అలా పొయ్యి వైపు తిరిగి చెప్పుకున్నవే.

అత్తగారు దగ్గుతోంది. తిట్టడం ఆపి దగ్గుతోంది, దగ్గు ఆపి తిడుతోంది. చువ్వ గిన్నెలో పడేసి లేచాను. స్నానాల గదిలో గచ్చు ఇంకా తడిగానే ఉంది, మూలల్లో నురగ. చిన్న కిటికీ మూసే ఉంది. తలుపు వెనక తెల్ల డబ్బా, అది క్లోరుది, దాని పక్కన ఆకుపచ్చ మూత సీసా, నీళ్ళ మరకలు పోవడానికి వాడే ఆసిడ్. రెండింటి మూతలూ తీసే ఉన్నాయి. కళ్ళు మండాయి. నాకిప్పటిదాకా ఏ తేడా తెలియలేదు, ఈ ఇంట్లో శుక్రవారమంటే ఇదే వాసన.

“అత్తయ్యా, ఈ సీసాలోది కూడా పోశారా?”

“పొయ్యకపోతే ఆ మరకలు ఎవరు తీస్తారు, నువ్వా? రెండూ కలిపితేనే గచ్చు అద్దంలా వచ్చేది.”

“ఎప్పట్నించి కలుపుతున్నారు?”

“నువ్వు ఈ ఇంటికి రాకముందు నుంచీ. కాస్త పొంగుతుంది, గొంతు మండుతుంది, అప్పుడే మురికి వదిలినట్టు లెక్క. ఏం, నీ కూతురి కీచురాయి నీకూ ఎక్కిందా?”

లుబానా నా వెనకే వచ్చింది, వింది. దాని మొహంలోకి చూశాను. పెట్టె అబద్ధం ఆడలేదు. వాళ్ళ నానమ్మ నాలుగు గోడల మధ్య, కిటికీ మూసుకుని, వారం వారం ఆ విషాన్నే స్వయంగా తయారు చేసుకుంటోంది. ఒక్క మాట అంటే చాలు, పొద్దుటి నుంచీ నడుస్తున్న తగాదా అక్కడికక్కడ గెలిచేది. ఆ వయసులో నేనైతే అనేదాన్ని. అది అనలేదు. ముందు కిటికీ తీసింది, సీసాలకి మూతలు పెట్టి దూరంగా ఉంచింది, నానమ్మ చంకల కింద చేతులు వేసి వాకిట్లో నిమ్మచెట్టు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. దగ్గు తగ్గేదాకా వీపు రాసింది. అప్పుడు చెప్పింది, మెల్లగా: “నానమ్మా, ఇక నుంచీ ఒకటే పోసుకో. రెండూ కలిపితే విషం పుడుతుంది, మనింట్లోనే పుట్టింది ఇవాళ. రెండూ పొయ్యాలనిపిస్తే ముందు నన్ను పిలువు.”

“పిలిస్తే పలకడానికి నువ్వుంటావా ఏంటి? పోతానంటున్నావుగా,” అంది అత్తగారు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మంటకో దేనికో. “నా మీద మట్టి నువ్వు వెయ్యాలే తల్లీ. నీ మీద నేను వెయ్యడం కాదు.”

మేమంతా పిల్లల్ని ముద్దు చేస్తూ అనే మాటే అది. నా మీద మట్టి నువ్వే వెయ్యాలి. పాలిస్తూ అంటాం, తల దువ్వుతూ అంటాం, బడికి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి అంటాం. నీకంటే ముందు నేను పోవాలన్న దాని అర్థం ఎవరూ చూడరు. షాహెర్‌తో కూడా మా అమ్మ అలాగే అనేది, వాడికి మీసాలొచ్చినా, పెళ్ళయినా. వాణ్ణి తీసుకొచ్చిన రోజు ఆ మాట ఆమె నోట్లో సగం దాకా వచ్చి ఆగిపోవడం చూశాను. ఆ తర్వాత నేను నా కూతురితో ఆ మాట అనలేదు. మళ్ళీ పీట మీద కూర్చున్నాను. మిగిలిన కాయలు తొలవాలి, ఎండుపుదీనా నలపాలి, వెల్లుల్లి వలవాలి. బియ్యం నానుతున్నాయి. లుబానాని వద్దంటే ఏమవుతుంది? ఏమీ కాదు. అది ఏడుస్తుంది, రెండు రోజులు మాట్లాడదు, తర్వాత వేరే పని చూసుకుంటుంది, బడిలో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటుంది, సాయంత్రానికి ఇంటికొస్తుంది. పీపా మాత్రం ఎక్కడో అక్కడ ఉంటుంది. ఎవరో ఒకరు దాని దగ్గరికి వెళ్తారు, ముక్కు నమ్ముకుని. ఆ వెళ్ళేవాడికి ఒక అక్క ఉంటుంది, రొట్టెలు మడత పెడుతూ.

మొన్న మేడ మీద బట్టలు ఆరేస్తుంటే లుబానా నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి ఒక్కతే ఏదో వల్లె వేస్తోంది. పెట్టెని ముందుకి చాపి రెండడుగులు, ఆగడం, చూడ్డం, పైకి చెప్పడం. “పెట్టె పట్టలేదు. పెట్టె పట్టలేదు.” ఏమిటే అది, లేదు అంటే సరిపోదా అన్నాను. “లేదు అనకూడదమ్మా, శిక్షణలో మొదటి రోజే చెప్పారు. లేదు అనడానికి మనమెవరం? ఈ పెట్టెకి కొన్నే తెలుసు, మిగతా వాటికి వేరే పెట్టె ఉంది, చుక్కలు పడి ఉంటే కాగితం అద్ది చూడాలి, రంగు మారిందో లేదో. దేంతో చూశామో చెప్పి, అది పట్టిందా పట్టలేదా అన్నంత వరకే చెప్పాలి. ఒక్కటి పట్టినా, ఆగండి అనాలి. అంతే, ఇంకేం మాట్లాడకూడదు.” దుప్పటి అంచు పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. ఆయన కూడా అంతవరకే చెప్పాడు కదా ఆ రోజు. వాసన లేదు అన్నాడు. నిజంగానే లేదు. విషం లేదని ఆయన అనలేదు, ఎప్పుడూ అనలేదు, విన్నవాళ్ళందరం అలా విన్నాం, ఊరు ఊరంతా, చివరికి అన్న మనిషి కూడా. ఇన్నేళ్ళూ ఆయన మోస్తున్నది తను అన్న మాట కాదు, మేము విన్న మాట. వెనక్కి తిరిగి చూస్తే ఆయన మెట్ల మలుపులో నిలబడి ఉన్నాడు, చేతిలో నూనె డబ్బా. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. నన్ను చూసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇవాళ పొద్దున పెట్టె అరిచినప్పుడు నేను ఈ గడప దగ్గర నుంచి చూశాను ఆయన్ని. అత్తగారు తనని మోసుకుపోయిన సంగతే చెప్తోంది గాని, దానికి ముందు క్షణం ఆమె చూడలేదు, నేను చూశాను. మిషను కింద వంగి ఉన్నాడు, పళ్ళ మధ్య స్క్రూ. అరుపు వినబడగానే తల ఎత్తాడు, స్క్రూ ఉమ్మేశాడు, లేచాడు. గడప మీద ఆగలేదు. మొహం పక్కకి తిప్పలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఏ వాసనా చూడలేదు ఆయన. తిన్నగా లోపలికి వెళ్ళి తల్లిని భుజాన వేసుకుని, “పైకి, అందరూ పైకి!” అని అరిచాడు. ఆ గొంతు రేడియోలో తప్ప నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు. మేడ మీద తల్లిని దింపి, ఆయాసపడుతూ లుబానా వైపు తిరిగి, “ఎంత చూపిస్తోంది నాన్నా?” అని అడిగాడు. “తగ్గుతోంది నాన్నా,” అంది అది. ఆయన సరేనన్నట్టు తలూపి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అంతే. ఒక మాట అడిగాడు, ఒక మాట విన్నాడు, విన్నదాన్ని నమ్మాడు. తర్వాత మేమంతా నవ్వుకున్నాం, అత్తగారి జోళ్ళ గురించీ, ఉమ్ గియాస్ గురించీ. ఆయనా నవ్వాడు, మొహం కడుక్కుని మసీదుకి వెళ్ళాడు. ఆ నవ్వుల్లో నేనది గమనించనేలేదు, ఇప్పుడు, చేతిలో కాయ తిరుగుతుంటే తడుతోంది. ఆ మనిషికి ఒకరి మాట మీద ఆనుకుని కూర్చోవడం ఇంకా వచ్చు. నా బిడ్డ మాట మీద కూర్చున్నాడు.

భయం పోయిందా అంటే పోలేదు. ఎప్పటికీ ఉంటుంది, వ్యాను చప్పుడు విన్నప్పుడల్లా లేస్తుంది. గొట్టాలతో తడిపిన ఆ వాకిలి నాకు కనబడుతూనే ఉంటుంది, అందులో ఇక నుంచీ దీని మొహం కూడా కనబడుతుంది. కాయల్లో బియ్యం కూరాను, మూడొంతులే, ఉడికితే ఉబ్బుతాయి. గిన్నెలో పక్కపక్కన పేర్చి, టమాటా పులుసు పోసి, పైన పళ్ళెం బోర్లించాను కదలకుండా. ఉడికేదాకా వాకిట్లో అత్తగారి గొంతూ లుబానా గొంతూ వినబడుతూ ఉన్నాయి, తగాదా కాస్తా ఎప్పుడు మారిందో గాని నానమ్మ పెళ్ళినాటి కథల్లోకి మారింది. మసీదులో బాంగు అయింది, నమాజు అయింది, వీధిలో చెప్పుల చప్పుడు.

బావగారు గుడ్డ పరిచిన చోట తన స్థానంలో కూర్చున్నారు. ఆయన పక్కన మా ఆయన, ఎదురుగా అత్తగారు, చివర లుబానా. అందరికీ వడ్డించాను. బావగారు రెండు ముద్దలు తిన్నారు, ఉప్పు సరిపోయిందన్నారు, మూతి తుడుచుకున్నారు.

“మరి, ఉమ్ లుబానా?” అన్నారు.

అత్తగారి చెయ్యి రొట్టె మీద ఆగింది. లుబానా తల ఎత్తలేదు, దాని చెవులు ఎర్రబడ్డాయి. మా ఆయన నా వైపు చూశాడు. నేను పొయ్యి వైపు తిరగలేదు.

“రేపట్నించి మధ్యాహ్నం భోజనానికి లుబానా కోసం ఎవరూ ఆగొద్దు,” అన్నాను. “పొద్దున్నే వ్యాను ఎక్కుతుంది. దాని వాటా నేను విడిగా తీసి మూత పెట్టి ఉంచుతాను.”